తూకం తప్పని విశ్వాసి

దొంగ త్రాసు గురించి సామెతల గ్రంథం పలుమార్లు హెచ్చరిస్తుంది. సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు పెట్టుకోవద్దని ధర్మశాస్త్రం కూడా ఆజ్ఞాపిస్తుంది. ప్రార్థన గురించి, ఉపవాసం గురించి మనం విన్నన్ని ప్రసంగాలు తూకపు రాళ్ల గురించి వినలేదు. అయినా అంత చిన్న విషయాన్ని కూడా దేవుడు పట్టించుకుంటాడని లేఖనం చెబుతోంది. తూచేవాడి మనసు ఎటు మొగ్గితే త్రాసు ముల్లు అటే మొగ్గుతుంది. అది ఆయనకు తెలుసు.

ఈ వారం మనం తలచుకుంటున్న విశ్వాసి అంగడిలో కూర్చున్న వ్యాపారి కాదు. ఆయన త్రాసు ఒక గాజు గొట్టం. ఆయన తూచిన సరుకు నీటిలోంచి పైకి లేచే బుడగలు. ఇంటర్ రసాయన శాస్త్రం చదివిన మన పిల్లలందరికీ ఆయన పేరు తెలుసు. పరీక్షల కోసం ఆయన నియమాలను కంఠస్థం చేసినవారిలో, ఆయన తన సంఘంలో పెద్దగా సేవ చేశాడని ఎరిగినవారు తక్కువ. ఆయనే మైకేల్ ఫారడే.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దక్షిణ భాగంలోని న్యూయింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. బతుకుదెరువు కోసం ఉత్తర ఇంగ్లాండు నుంచి రాజధానికి వలస వచ్చిన మనిషి. ఆరోగ్యం అంతంతమాత్రం, సంపాదన కూడా అంతే. మైకేల్ బడిలో నేర్చుకున్నది చదవడం, రాయడం, కాస్త లెక్కలు. ఆ ఇంట్లో లేమి ఉన్నా భక్తికి లోటు లేదు. ఆ కుటుంబం సాండిమేనియన్లు అనే చిన్న ప్రొటెస్టెంటు సంఘానికి చెందినది. జీతం తీసుకునే పాదిరి ఆ సంఘంలో ఉండడు. సభ్యులు ఎన్నుకున్న పెద్దలే వాక్యం చెప్పాలి. ఆదివారం ఆరాధన తర్వాత అందరూ కలిసి ప్రేమవిందు చేయాలి. ఆస్తి కూడబెట్టుకోవడాన్ని వారు మెచ్చుకోరు.

14 ఏళ్ల వయసులో మైకేల్‌ను జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర బైండింగ్ పని నేర్చుకోవడానికి పెట్టారు. ఏడేళ్లు అక్కడే. పగలు పుస్తకాలకు అట్టలు కుట్టాడు, తీరిక దొరికితే ఆ పుస్తకాలనే చదివాడు. బైండింగ్‌కు వచ్చిన విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే రచయిత్రి రసాయన శాస్త్రం మీద రాసిన సులభమైన పుస్తకం ఆయన మనసును పట్టేశాయి. చదివినదాన్ని నమ్మేముందు చేతనైనంతలో చేసి చూడడం అప్పుడే అలవాటైంది. చేతిలో ఉన్న చిల్లర డబ్బులతో కొన్న సామానుతోనే ప్రయోగాలు చేసేవాడు.

1812లో ఒక ఖాతాదారు దయతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినడానికి టిక్కెట్లు దొరికాయి. డేవీ అప్పట్లో ఇంగ్లాండు మొత్తానికీ పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, శ్రద్ధగా రాసుకుని, బొమ్మలు గీసి, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడే సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. మేడ మీద రెండు గదులు, చలికి బొగ్గు, వెలుతురుకు కొవ్వొత్తులు, వారానికి కొద్దిపాటి జీతం. గాజు సామాను కడగడంతో మొదలైన ఆ పని దాదాపు 50 ఏళ్లు సాగింది.

1821 ఫారడే జీవితంలో ముఖ్యమైన సంవత్సరం. జూన్ 12న తన సంఘానికే చెందిన సారా బర్నార్డ్‌ను పెళ్లాడాడు. నెల తర్వాత సంఘం ముందు నిలబడి తన విశ్వాసాన్ని ఒప్పుకుని పూర్తి సభ్యుడయ్యాడు. వారికి పిల్లలు కలగలేదు, కాని ఆ దంపతుల అన్యోన్యత కడవరకూ చెక్కుచెదరలేదు.

అదే ఏడాది ఒక చేదు అనుభవం కూడా ఎదురైంది. కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేసి, ఫారడే ఆ సంగతి తొందరగా ప్రచురించాడు. విలియం వొలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త అప్పటికే ఆ దిశలో ఆలోచిస్తున్నాడు. ఆయన పేరు ఆ వ్యాసంలో లేదు. కమ్మరి కొడుకు ఇంకొకరి ఆలోచనను ఎత్తుకుపోయాడని నలుగురూ గుసగుసలాడారు. ఫారడే తల్లడిల్లిపోయాడు. చాటుమాటు మాటలకు చాటుగా జవాబివ్వకుండా నేరుగా వొలాస్టన్‌నే కలిసి వివరించాలని కోరాడు. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వచ్చినప్పుడు స్వయంగా గురువు డేవీయే అడ్డుపడ్డాడు. ఓట్లు లెక్కపెడితే వ్యతిరేకంగా ఒక్కటే పడింది. ఇంత జరిగినా ఫారడే డేవీ గురించి జీవితాంతం గౌరవంగానే మాట్లాడాడు.

ఇక ఆయన పట్టుకున్న ఆ గాజు గొట్టం దగ్గరికి వద్దాం. 1800లో లండన్‌లోనే నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు నీటిలోకి విద్యుత్తు పంపి, అది హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోవడం చూశారు. ఆ వార్త ఐరోపా అంతా పాకింది. కాని 30 ఏళ్లు గడిచినా ఒక చిన్న ప్రశ్నకు ఖాయమైన జవాబు లేదు. ఎంత విద్యుత్తు పంపితే ఎంత నీరు విడిపోతుంది? విద్యుత్తును కొలిచే నిఖార్సైన సాధనమే లేని రోజులవి. నిప్పురవ్వ ఎంత పొడుగు లేచింది, ఒంటికి ఎంత గట్టిగా షాకు తగిలింది, సూది ఎంత పక్కకు తిరిగింది అని చూసి అంచనా వేసేవారు. ఒకరి అంచనా ఇంకొకరికి సరిపోయేది కాదు.

1833లో ఫారడే ఈ ప్రశ్నను తలకెత్తుకున్నాడు. ఆమ్లం కలిపిన నీరు, అందులో ప్లాటినం పలకలు, పైన గీతలు గీసిన గాజు గొట్టం. పుట్టిన వాయువు ఆ గొట్టంలో చేరుతుంది, ఎంత చేరిందో గీత చెబుతుంది. తర్వాత ఆయన తన కొలతను తప్పని నిరూపించగల మార్గాలన్నీ ఒక్కొక్కటిగా వెదికాడు. పెద్ద పలకల బదులు సన్నని తీగలు పెట్టి చూశాడు. పలకల మధ్య దూరం మార్చాడు. ఆమ్లం పాలు పెంచాడు, తగ్గించాడు. బ్యాటరీ బలం మార్చాడు. ఇలాంటి గొట్టాలను వరుసగా కలిపి, వాటన్నిటిగుండా ఒకే కరెంటు పంపాడు. అన్నిటిలోనూ వాయువు సమానంగా చేరింది. ఒక గొట్టం దాటాక కరెంటును రెండు పాయలుగా చీల్చి రెండు గొట్టాల్లోకి పంపాడు. ఆ రెండింటిలో చేరిన వాయువును కూడితే మొదటి గొట్టంలోని వాయువుతో సరిపోయింది. దారులు ఎన్ని మార్చినా లెక్క మారలేదు.

ఒక్కచోట మాత్రం లెక్క తప్పింది. గొట్టంలో చేరిన వాయువుల మిశ్రమాన్ని అలాగే వదిలేస్తే అది మెల్లమెల్లగా తగ్గిపోతోంది. గొట్టానికి చిల్లు లేదు. మరి వాయువు ఎటు పోయింది? తొందరపడేవాడైతే ఆ గొట్టాన్ని పక్కన పెట్టి, నచ్చిన అంకెలు వచ్చిన గొట్టాలనే పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఫారడే అక్కడే ఆగాడు. అసలు పనిని కాసేపు నిలిపి ఆ నష్టం వెంటపడ్డాడు. శుభ్రంగా ఉన్న ప్లాటినం పలకకు తగిలిన హైడ్రోజన్, ఆక్సిజన్ మళ్లీ కలిసి నీరైపోతున్నాయని కనుగొన్నాడు. విడదీయడానికి వాడిన పలకే వాటిని తిరిగి కలుపుతోంది! ఆ సంగతినే ఒక ప్రత్యేక పరిశోధనగా 1834లో ప్రచురించాడు. ఆ వెంటనే అసలు నియమాన్ని వెల్లడించాడు. ఎంత విద్యుత్తు పారితే అంతే నిష్పత్తిలో పదార్థం విడిపోతుంది. ఒకే విద్యుత్తు వేర్వేరు పదార్థాలగుండా పారితే అవి తమ తమ రసాయన తుల్య భారాల చొప్పున విడిపోతాయి. ఎలక్ట్రోడు, ఆనోడు, క్యాథోడు, అయాను అనే మాటలు విలియం హ్యూవెల్ అనే పండితుడి సలహాతో ఆయన లోకానికి ఇచ్చినవే.

దాదాపు 200 ఏళ్ల నాటి గొట్టంతో మనకేం పని అనుకోవద్దు. 2023 జనవరిలో భారత ప్రభుత్వం జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2025 జనవరి 8న మన అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఎండతోనూ గాలితోనూ పుట్టిన కరెంటుతో నీటిని విడగొట్టి, పొగ లేని ఇంధనం తీయడం దీని ఉద్దేశం. కరెంటు ఖరీదైనది కాబట్టి ప్రపంచమంతటా ప్రయోగశాలలు తక్కువ కరెంటుతో ఎక్కువ హైడ్రోజన్ ఇచ్చే కొత్త సెల్‌ల కోసం పోటీ పడుతున్నాయి. మా సెల్ మెరుగైంది అని ఎవరైనా చెబితే ఆ మాటను పరీక్షించే గీటురాయి ఇప్పటికీ ఫారడే నియమమే. ఆయన గౌరవార్థం ఫారడే స్థిరాంకం అని పిలుచుకునే 96,485 అనే అంకె ఆ లెక్కకు పునాది.

ఆ లెక్కను మామూలు మాటల్లో చూద్దాం. ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట పారితే పుట్టగల హైడ్రోజన్ దాదాపు 38 మిల్లీగ్రాములు. 25 డిగ్రీల వేడిలో, మామూలు వాతావరణ పీడనంలో, పొడి వాయువుగా అది సుమారు 456 మిల్లీలీటర్లు. అంతకంటే ఎక్కువ ఏ సెల్ కూడా ఇవ్వలేదు. గొట్టంలో అంతకంటే ఎక్కువ కనిపిస్తే సెల్ గొప్పతనాన్ని పొగిడేముందు కొలతను అనుమానించాలి. నీటి మీద పట్టిన వాయువులో నీటి ఆవిరి కూడా కలిసి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఆ తడి వాటా దాదాపు 3 శాతం. దాన్ని తీసివేయడం మరిచిపోతే 100కు 103 వచ్చినట్టు కనిపిస్తుంది. గది వేడి 10 డిగ్రీలు పెరిగిన సంగతి చూసుకోకపోతే ఇంకో 3 శాతం లేని లాభం చేరుతుంది. లేని లాభం పుట్టడానికి దొంగతనమే అక్కర్లేదు, అజాగ్రత్త చాలు.

కరెంటు లెక్క సగమే. దాన్ని తోయడానికి ఎన్ని వోల్టులు పట్టాయన్నది మిగతా సగం. బయటి నుంచి వేడి తీసుకోకుండా, లోపలి వేడిని వృథా చేయకుండా నీరు విడిపోవాలంటే 25 డిగ్రీల దగ్గర సుమారు 1.48 వోల్టులు కావాలి. సెల్ 2 వోల్టులు తీసుకుంటే పై మిగులంతా వేడిగా పోతుంది. కిలో హైడ్రోజన్‌కు ఈ లెక్కన 39.4 యూనిట్ల కరెంటు పడుతుంది. 2022లో ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సన్నని రంధ్రాల పొర ద్వారా నీటిని పైకి పీల్చుకునే ఒక ప్రయోగాత్మక సెల్‌ను ప్రకటించారు. 85 డిగ్రీల వేడిలో అది 1.51 వోల్టులతోనే పనిచేసింది. కిలోకు 40.4 యూనిట్లు, అంటే 98 శాతం సామర్థ్యం. అప్పటి మార్కెట్ సెల్‌లకు దాదాపు 47.5 యూనిట్లు పట్టేవి. వారు ఎంత వేడిలో, ఎంత కరెంటుతో, ఏ కొలమానంతో కొలిచారో అన్నీ రాశారు కాబట్టే ఇతరులు ఆ మాటను పరీక్షించగలరు. లాభం చెప్పినవాడు లెక్క కూడా చూపాలి.

లెక్క చూపనివారూ ఉన్నారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్టాన్లీ మేయర్ అనే వ్యక్తి తన నీటి సెల్‌తో కారు నడుస్తుందని, మామూలు విద్యుద్విశ్లేషణకు పట్టే శక్తిలో చాలా కొద్దిభాగమే చాలని ప్రచారం చేశాడు. డబ్బు పెట్టిన ఇద్దరు కోర్టుకు వెళ్లారు. నిపుణులు పరిశీలిస్తే అందులో మామూలు విద్యుద్విశ్లేషణ తప్ప కొత్తదనం ఏమీ కనబడలేదు. అది ఘోరమైన మోసమని 1996లో కోర్టు తేల్చి, వారి 25 వేల డాలర్లు తిరిగి ఇవ్వమంది. అయినా నీటితో నడిచే కారు కథ నేటికీ చేతులు మారుతూనే ఉంది. ఎందుకంటే అది నిజమైతే బాగుండునని మనందరికీ ఉంటుంది.

ఆ కోరికే మనిషి త్రాసును వంచుతుందని ఫారడే బాగా గ్రహించాడు. 1853లో లండన్‌లో కొత్త మోజు ఒకటి పుట్టింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్ల దానంతట అదే కదులుతుందని, అది ఆత్మల పని అని చదువుకున్నవారు కూడా నమ్మసాగారు. ఫారడే వారిని ఎగతాళి చేయలేదు. చేతులకూ బల్లకూ మధ్య కడ్డీల మీద జారే పలకలు పెట్టి, ఏది ముందు కదులుతోందో చూపే ముల్లు ఒకటి అమర్చాడు. ముందు కదిలేది చేతులే అని తేలింది. కూర్చున్నవారు అబద్ధికులు కారు, తమకు తెలియకుండానే తోస్తున్నారు. ఆ ముల్లు వారి కళ్ల ముందు పెట్టగానే బల్ల కదలడం ఆగిపోయింది. మరుసటి ఏడాది చేసిన ఒక ఉపన్యాసంలో ఆయన దీన్నే నొక్కి చెప్పాడు. తనకు ఇష్టమైన సంగతి ఎదురైనప్పుడే మనిషి తన్ను తాను ఎక్కువ పరీక్షించుకోవాలన్నది ఆయన బోధ సారాంశం.

ఈ నియమాన్ని ఫారడే ఇతరులకే చెప్పి ఊరుకోలేదు. ప్రయోగశాల దినచర్యలో పేరాలకు వరుసగా అంకెలు వేస్తూ 16 వేలకు పైగా రాశాడు. ఫలించినవీ, ఫలించనివీ పక్కపక్కనే ఉన్నాయి. గురుత్వానికీ విద్యుత్తుకూ సంబంధం ఉందని ఆయన గట్టిగా నమ్మాడు. ప్రయోగంలో అది కనబడకపోతే, కనబడలేదనే ప్రచురించాడు.

డబ్బు విషయంలోనూ అంతే. పరిశ్రమలకు పరీక్షలు చేసిపెడితే వచ్చే ఆదాయం 1830ల మొదట్లో బాగా పెరుగుతుండగానే ఆయన ఆ పనులు చాలావరకు వదులుకుని పరిశోధనకు అంకితమయ్యాడు. ఉన్నదానిలో పేదలకు పంచేవాడు, జబ్బుపడినవారిని వెళ్లి చూసేవాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్నాడు. 1840లో ఆయన సంఘం ఆయన్ను పెద్దగా ఎన్నుకుంది. వారమంతా ప్రయోగశాలలో గడిపి ఆదివారం చిన్న గుంపు ముందు నిలబడి వాక్యం చెప్పేవాడు. 1844లో సంఘంలో తలెత్తిన వివాదంలో ఆయన్ను మరికొందరితోపాటు సహవాసం నుంచి తొలగించారు. ఐరోపా అంతా గౌరవించే మనిషి, కావాలంటే తలుపు దడాలున వేసి వెళ్లిపోవచ్చు. ఆయన వెళ్లలేదు. కొద్ది వారాల్లో తిరిగి చేర్చుకున్నారు గాని పెద్దరికం ఇవ్వలేదు. 16 ఏళ్లు సామాన్య సభ్యుడిగా అదే బల్లల మీద కూర్చున్నాడు. 1860లో సంఘం మళ్లీ పిలిచి పెద్దను చేసింది. ప్రయోగశాలలో నష్టాన్ని దాచనివాడు సంఘంలో అవమానాన్ని కూడా అలాగే భరించాడు.

చివరి సంవత్సరాల్లో జ్ఞాపకశక్తి బాగా తగ్గింది. ఒక్కొక్క బాధ్యతనూ తానే వదులుకున్నాడు. విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఇచ్చిన ఇంట్లో 1867 ఆగస్టు 25న ప్రభువునందు నిద్రించాడు. హైగేట్ శ్మశానవాటికలో ఆయన సమాధి రాయి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ తప్ప బిరుదులేమీ లేవు.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. కూటానికి ఎంతమంది వచ్చారని అడిగితే మనం చెప్పే అంకె ఎవరు లెక్కించినది? సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక్కొక్క చోట ఒక్కొక్క చేర్పు కలుస్తోందా? కానుకల లెక్క అడిగిన సభ్యుడు మనకు శత్రువులా కనిపిస్తున్నాడా? దేవుని పనిని గొప్ప చేయడానికే కదా అని మనం సర్దిచెప్పుకోవచ్చు. కాని దేవుని మహిమకు మన 3 శాతం తడి అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, అందులోనే ఆయన మహిమ కనబడుతుంది. మందిరంలో ఒక రాయి, అంగడిలో ఒక రాయి, ఇంట్లో మరో రాయి పెట్టుకునేవాడికి ఆఖరికి తన బరువు ఎంతో తనకే తెలియకుండా పోతుంది.

ఫారడే గొట్టంలో వాయువు తగ్గిన రోజున ఆయన దాన్ని దాచి ఉంటే ఆ నియమాన్ని ఇంత నిబ్బరంగా లోకం ముందు పెట్టగలిగేవాడు కాదు. తగ్గిన చోటే ఆగి వెదికాడు, అక్కడే నిజం దొరికింది. మన ప్రార్థనలో, కుటుంబంలో, సంఘంలో తగ్గుతున్నదేదో మనకు తెలుసు. ఈ వారం లాభాల జాబితా పక్కన పెట్టి ఆ తగ్గిన గీత దగ్గర కాసేపు ఆగుదాం. హృదయాలను తూచే దేవుడు మనకు సరైన తూకపు రాళ్లను, వాటిని వంచని చేతులను అనుగ్రహించును గాక.